చుక్క ఉన్న థ, చుక్క లేని ధ

అనంతపురం

తమ్ముడూ,

కథ అందింది, చదివినాను. ముసలాయన నోట "యాడికి పోతాండావప్పా" అనిపించావే, దాన్ని ఎవరు దిద్దమన్నా దిద్దొద్దు. అది సీమ మాట, తప్పు కాదు. కానీ కథ చెప్పేది నువ్వే అయిన చోట "అర్ధం కాలేదు" అని రాస్తే దాన్ని యాస ఖాతాలో వెయ్యలేం.

అర్ధం అంటే సగం. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు. ఈ ధకు పొట్టలో చుక్క ఉండదు. భావం, డబ్బు, కోరడం చెప్పే మాటలకు చుక్క ఉన్న థ రావాలి: అర్థం, ఆర్థికం, ప్రార్థన, అభ్యర్థి, విద్యార్థి, స్వార్థం. అలాగని కనబడినదల్లా థ చేసెయ్యకు. స్పర్ధ, వర్ధంతి ధతోనే ఉండాలి. కథ, రథం, ప్రథమ, వ్యథ థ. బాధ, వధ ధ.

పలికేటప్పుడు మనకు రెండూ ఒకటే, అందుకే చెయ్యి జారుతుంది. పైగా వత్తుగా వచ్చినప్పుడు ఆ చుక్క ఫోన్‌లో ఆనదు. కీబోర్డు చూపించిన మొదటి మాటనే నొక్కేస్తే ఇక చెప్పేదేముంది. కథ పూర్తయ్యాక వెతికే చోట "ర్ధ" కొట్టు. దొరికిన ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది సగమా కాదా అని చూడు. స్పర్ధలాంటివి కొన్నే, అవి నోటికొచ్చేస్తాయి. ఆ తర్వాత ఒట్టి "ధ" కొట్టి ఇంకోసారి చూడు.

ఫ్లెక్సీలను మాత్రం నమ్మొద్దు. "అవార్డుల ప్రధానం" అని ఎంత పెద్దక్షరాల్లో వేసినా ఇవ్వడం ప్రదానమే, ముఖ్యమైనది ప్రధానం. శుభాకాంక్షలు హార్దికం, హార్ధికం కాదు. హోటలు బోర్డు మీది "శాఖాహారం" తినాలంటే కొమ్మలు నమలాలి. కూరగాయ శాకం, కాబట్టి శాకాహారం. గండికోటకు నువ్వు రాసిన "ప్రకారం" ప్రాకారం కావాలి.

అన్నిటికన్నా ఘోరం మూడో పేజీలో ఉంది: "సభకు వచ్చిన ఆహుతులు". ఆహుతి హోమగుండంలో వేసేది. పిలిస్తే వచ్చినవాళ్లు ఆహూతులు. ఒక్క దీర్ఘం ఎగ్గొట్టి సభనంతా తగలబెట్టినావు కదయ్యా!

కడపలోనే ఉన్నావు, బ్రౌన్ గ్రంథాలయం దగ్గరే. 1852లో అచ్చయిన ఆయన తెలుగు నిఘంటువు తిరగెయ్యి. వర్ణమాలలో థ ముందు, ధ తర్వాత. కాబట్టి ముందు అర్థం చూసి, అక్కడినుంచి కిందికి దిగితే అర్ధం తగులుతుంది. దిద్దిన ప్రతి పంపు. ముసలాయన మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండనీ.