కోఠి రెసిడెన్సీకి వెళ్తున్న బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

ఆదివారం పిల్లల్ని తీసుకుని హైదరాబాద్‌లో కోఠి రెసిడెన్సీ, అదే ఒకప్పటి బ్రిటిష్ వాళ్ల బంగ్లా, చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం వేసింది. నేను డిగ్రీ చదివింది ఆ ఆవరణలోనే కదా, నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేను. ముందు ఒకటి, అది ఇప్పటికీ మహిళా యూనివర్సిటీ క్యాంపస్ లోపలే ఉంది, మామూలు మ్యూజియంలా ఎప్పుడుపడితే అప్పుడు పోయి టికెట్ కొనుక్కునే చోటు కాదు, ఆ రోజు లోపలికి పంపిస్తారా, చూపించేవాళ్లు ఉంటారా అని ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరు.

వెళ్లగానే అందరూ సింహాల బొమ్మల పక్కన ఫోటోలు దిగి గబగబా మెట్లెక్కేస్తారు. మీరు అలా చెయ్యకండి, కాస్త దూరంగా నిలబడి ఆ ఆరు స్తంభాల్నీ తీరిగ్గా చూడండి, రాతివేమో అనిపిస్తాయి గానీ పైన ఉన్నదంతా డంగుసున్నం పూత, అద్దంలా వచ్చేదాకా రుద్దిన పని. డిజైన్ శామ్యూల్ రస్సెల్ అనే మద్రాసు ఇంజనీరుది, కట్టించింది రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, అంటే నిజాం దగ్గర ఉండే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, 1803 ప్రాంతంలో మొదలైంది, డబ్బు మాత్రం నిజాంది. ఈ చివరి ముక్క పిల్లలకి తప్పకుండా చెప్పు, కంపెనీ దర్జా చూపించుకోడానికి ఇక్కడి సొమ్ముతో లేచిన ఇల్లు అది. దీనిమీద ఒక కథ కూడా చెప్పుకుంటారు, కిర్క్‌పాట్రిక్ ప్లాన్‌ని ఇంత పెద్ద కాగితం మీద గీయించి పట్టుకెళ్తే నిజాం కాదన్నాడంట, ఎందుకంటే తన రాజ్యం మ్యాపు కూడా అంతే సైజులో ఉండేదంట, తర్వాత అదే ప్లాన్ చిన్న కార్డు మీద గీసిస్తే వెంటనే ఒప్పుకున్నాడంట!

లోపల దర్బారు హాల్లో తల పైకెత్తి చూడండి, అక్కడి అలంకారాల్లో కాగితం గుజ్జుతో చేసినవి ఉన్నాయి. మా రోజుల్లో పెచ్చులూడుతూ ఉండేది, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు ప్రమాదంలో ఉన్న కట్టడాల లిస్టులో పెట్టారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి రిపేర్లు చేస్తే ఇలా నిలబడింది. అందుకే గోడల్ని ముట్టుకోవద్దని, ఆనుకోవద్దని చిన్నోడికి ఇంట్లోనే గట్టిగా చెప్పి తీసుకెళ్లు, చేతి చెమటకి కూడా ఆ పూత పాడవుతుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. సగం టైం వెనక వైపుకి ఉంచుకో. చాలామంది హాలు చూసి వచ్చేస్తారు, కానీ ఆ ఇంటి మనుషుల కథంతా వెనకే ఉంది. కిర్క్‌పాట్రిక్ పెళ్లి చేసుకున్నది హైదరాబాద్ పెద్దింటి అమ్మాయి ఖైరున్నిసాని, ఆమె ఉండే రంగ్ మహల్‌ని తర్వాత కూల్చేశారు, కానీ పరదాలో ఉండే ఆమె ముందుకొచ్చి చూడలేదని ముందున్న ఈ పెద్ద భవనానికే ఒక చిన్న నమూనా కట్టించాడని చెప్తారు, అది ఎక్కడుందో గైడ్‌ని అడిగి మరీ చూడండి. ఇద్దరు పిల్లల్నీ 1805లో ఇంగ్లండ్ పంపేశారు, అదే ఏడాది ఆయన కలకత్తాలో చనిపోయాడు, ఆ తల్లి ఏమైపోయి ఉంటుందో నాకు ఎప్పుడు తలుచుకున్నా బాధే.

పెద్దదానికి హిస్టరీ ఇష్టం కాబట్టి 1857 జులై 17 సంగతి కూడా చెప్పు, బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని ఈ రెసిడెన్సీ మీదే దాడికొచ్చారు, తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత కాల్చి చంపారు, అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు. ఆ గేటు దాటేటప్పుడు చెప్తే దానికి బాగా గుర్తుంటుంది.

ఆవరణలోనే పాత బ్రిటిష్ సమాధులు కూడా ఉన్నాయి, అటు వెళ్లనిస్తే మాత్రం గడ్డీ గాదం ఉంటుంది, పిల్లలకి చెప్పులు కాకుండా బూట్లు వెయ్యి.

మీ పెద్దమ్మ