మహిళా పైలట్ల బృందం పెడతానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది. ఇప్పుడు కమర్షియల్ లైసెన్స్ కోసం ఫ్లయింగ్ గంటలు పూర్తి చేస్తోంది. ఫ్లయింగ్ క్లబ్‌లో తనతో ఉన్న నలుగురైదుగురు అమ్మాయిలతో కలిసి మహిళా పైలట్ల బృందం పెడుతుందట. స్కూళ్లకు వెళ్తారట, ఎయిర్‌ఫీల్డ్‌లో సేవా పనులు చేస్తారట. ఈ వ్యాపకంలో పడి అసలు చదువు పక్కన పెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వద్దని చెప్పమంటారా? - ఒక తల్లి

జవాబు: వద్దనకండమ్మా. ఏ ఇన్‌స్ట్రక్టర్ ఓపిగ్గా నేర్పుతారు, మెడికల్‌లో ఏం చూస్తారు, ఇంటర్వ్యూలో ఏమడిగారు లాంటి విషయాలు ఈ రంగంలో ఎక్కువగా ఒకరి నోటి నుంచి ఒకరికి తెలుస్తాయి. అమ్మాయిలు ఒకరిద్దరే ఉన్నచోట ఆ కబుర్లు వాళ్లదాకా రావడం కష్టం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1929లో అమెరికాలో లైసెన్స్ ఉన్న మహిళా పైలట్లు 117 మంది. వాళ్లందరినీ ఒకచోట చేర్చాలని నలుగురు పైలట్లు ఉత్తరాలు రాశారు. ఆ ఏడాది నవంబర్ 2న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని కర్టిస్ ఫీల్డ్‌కి 26 మంది వచ్చారు. సమావేశం విమానాలు నిలిపే షెడ్డులోనే, అంటే హ్యాంగర్లోనే జరిగింది, టీ పెట్టింది పనిముట్ల బండి మీద. స్నేహంతో పాటు ఉద్యోగాలు, మహిళా పైలట్ల వివరాలన్నీ ఉండే ఒక ఆఫీసు కావాలని వాళ్లు మొదటే అనుకున్నారు. వ్యవస్థాపక సభ్యులు 99 మంది అయ్యారు కాబట్టి సంస్థకు 'నైంటీ నైన్స్' అనే పేరు ఖాయమైంది. 1931లో ప్రసిద్ధ పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ దానికి మొదటి అధ్యక్షురాలు. ఉద్యోగం సంగతి మొదటి రోజే మాట్లాడుకున్నారన్నది మీరు గమనించాలి.

ఇక సేవా పనులు. ఇప్పటికీ నైంటీ నైన్స్ స్థానిక శాఖలు ఎయిర్‌ఫీల్డ్‌లలో కంపాస్ రోజ్ గీస్తుంటాయి, అంటే విమానం దిక్సూచిని సరిచూసుకోవడానికి నేల మీద వేసే దిక్కుల వృత్తం. నాకు బాగా నచ్చే పని ఇది. విమానంలో అయస్కాంత దిక్సూచి చుట్టూ ఇనుము, వైర్లు, రేడియోలు ఉంటాయి కాబట్టి అది కొన్ని డిగ్రీలు తప్పు చూపిస్తుంది. హ్యాంగర్లకు, ఇనుప కట్టడాలకు దూరంగా కాంక్రీటు మీద అయస్కాంత ఉత్తరానికి (దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం) సరిగ్గా కొలిచి పెద్ద వృత్తం గీస్తారు. విమానాన్ని దాని మీదికి తెచ్చి, 30 డిగ్రీలకొకసారి తిప్పుతూ తేడా ఎంతో రాసుకుంటారు. ఆ అంకెలున్న చిన్న కార్డు దిక్సూచి పక్కన ఉంటుంది. అయస్కాంత ఉత్తరం ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ గీయాలి. రోలర్ పట్టుకుని ఈ పని చేసిన అమ్మాయికి నావిగేషన్ పేపర్‌లో వేరియేషన్ (అసలు ఉత్తరానికి, అయస్కాంత ఉత్తరానికి మధ్య తేడా), డీవియేషన్ (విమానంలోని ఇనుము వల్ల దిక్సూచిలో వచ్చే తప్పు) గురించి మళ్లీ చెప్పక్కర్లేదు. ఎయిర్‌ఫీల్డ్ మేనేజర్ అనుమతి, సర్వే తెలిసినవారి సాయం లేకుండా మాత్రం మొదలుపెట్టకూడదు.

స్కూళ్లకు వెళ్లినప్పుడు ఉపన్యాసాల కంటే పైలట్లు వాడే మ్యాప్, అంటే ఏరోనాటికల్ చార్ట్ ఒకటి పరవడం మేలు. రెండు ఊళ్ల మధ్య గీత గీయించి, దిశ కొలిపించి, గాలి పక్క నుంచి వీస్తే విమానం ముక్కు ఎటు తిప్పాలో పిల్లల చేతే లెక్క కట్టించమనండి. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా దానిలో పడిపోతారు.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. విరాళాల కోసం జనాన్ని విమానంలో తిప్పుతామంటే ముందు నిబంధనలు చదవమనండి. ప్రైవేట్ లైసెన్స్‌తో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవడం సాధారణంగా కుదరదు. అక్కడ పొరపాటు జరిగితే లైసెన్స్‌కే ఎసరు.

ఎయిర్‌లైన్స్ చూసేది గంటలు, పరీక్షలు, మెడికల్, సిమ్యులేటర్‌లో పనితీరు. బృందం పెట్టిందని వీటిలో ఏదీ వదిలేయరు. కానీ కాక్‌పిట్‌లో ఇద్దరు కలిసి పనిచేయడం, సీనియర్‌కి కూడా మర్యాదగానే 'ఇది సరి కాదు' అని చెప్పగలగడం చాలా ముఖ్యం. పదిమందిని కలుపుకుపోయే పనిలో అది అలవాటవుతుంది.

అందుకని అమ్మాయితో ఇలా మాట్లాడుకోండి. ఫ్లయింగ్ స్లాట్ ఉన్న రోజు బృందం పని ఉండకూడదు. మధ్యలో గ్యాప్ వస్తే నడిపే అలవాటు తప్పి, మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌తో అదనపు గంటలు ఎగరాల్సి వస్తుంది, ఆ ఖర్చు మీదే. పరీక్షల ముందు మీటింగులు ఆపేయాలి. లైసెన్స్ చేతికొచ్చేదాకా డబ్బు లెక్కలు చూసే బాధ్యత తను తీసుకోవద్దు, ఉద్యోగంలో ఉన్న సీనియర్ పైలట్ ఎవరికైనా అప్పగించమనండి. నెలకోసారి లాగ్‌బుక్ మీ ముందు తెరిచి గంటలు అనుకున్నట్టు పెరుగుతున్నాయో లేదో చూపించమనండి. పెరుగుతుంటే ఇక మీరు అడ్డు చెప్పాల్సిన పని లేదు.