స్క్రీన్ నచ్చిందని ఏడేళ్ల అప్పు చేస్తారా?

ప్రశ్న: పాత పెట్రోల్ కారు ఇచ్చేసి ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నాను. చూసి చూసి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి కొత్త కంపెనీది. పెద్ద స్క్రీన్, ఫోన్‌కి వచ్చినట్టు ఎప్పటికప్పుడు అప్‌డేట్లు, హైవే మీద దానంతట అదే లేన్ మారే సదుపాయం ఉన్నాయి. రెండోది పాత కంపెనీది. బండి గట్టిది, సర్వీసు సెంటర్లూ ఎక్కువే, కానీ టెస్ట్ డ్రైవ్‌లో స్క్రీన్ రెండుసార్లు హ్యాంగ్ అయింది. నాకు మొదటిదే నచ్చింది, అందులోనూ టాప్ వేరియంట్. ఇంట్లో సంపాదన నా ఒక్కడిదే. ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న మాతోనే ఉంటారు. ఐదు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు దాచాను. అందులో నాలుగు నెలలది డౌన్‌పేమెంట్‌కి తీసి, 10 శాతం వడ్డీకి ఏడేళ్ల కార్ లోన్ పెడతాను. టాప్ వేరియంట్‌కి తగ్గే మొత్తానికి 15 శాతం మీద ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటాను. పెట్రోల్ ఖర్చు మిగులుతుంది కాబట్టి భారం పెద్దగా తెలియదనుకుంటున్నాను. బుకింగ్ కూడా కట్టేశాను. రెండింటిలో ఏది తీసుకోమంటారు?

(పాఠకుడి అసలు మొత్తాలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఆయన చేతికొచ్చే నెల జీతాన్ని 100 అనుకుని అన్ని అంకెలనూ ఆ లెక్కలోకి మార్చాను. ఉత్తరాన్ని కూడా కుదించి ఇస్తున్నాను.)

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా స్క్రీన్ల గురించే ఉంది. అత్యవసర నిధిని దాదాపు ఖాళీ చేయబోతున్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో, అదీ మాటవరసకి అన్నట్టు రాశారు. కారు కొనేవాళ్ల నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఇదే వరస. అందుకే ఏ కారు మంచిదన్న మీ ప్రశ్నను కాసేపు పక్కన పెడుతున్నాను.

ముందు మీ లెక్కే చూద్దాం. జీతం 100. ఇంటి లోన్ ఈఎంఐ 30, ఇంటి ఖర్చులు 45. మిగిలేది 25. ఇప్పుడు దానిమీద కార్ లోన్ ఈఎంఐ 17, పర్సనల్ లోన్ ఈఎంఐ 6 వచ్చి పడతాయి. మొత్తం 98. ఛార్జింగ్ పోను పెట్రోల్‌లో 4 మిగులుతుందన్నారు, ఒప్పుకుంటాను. కానీ కొత్త కారు ఇన్సూరెన్స్ ప్రీమియం, ఉచిత గడువు దాటాక కట్టాల్సిన ఇంటర్నెట్ చందా కలిపి కనీసం 2 పెరుగుతుంది. అంటే నెలకి 96 ఖర్చు. 100లో 4 చేతిలో పెట్టుకుని ఆరుగురిని నడపాలి.

మీరు మిగుల్చుకుంటానన్న 'ఒక నెల నిధి' కూడా పాత ఖర్చు ప్రకారం ఒక నెలది. అంటే 75. కారు వచ్చాక నెల ఖర్చు 96. జీతం ఆగిందంటే ఆ 75 సరిగ్గా 23 రోజులొస్తుంది. ఉద్యోగం పోయాక కొత్తది 23 రోజుల్లో దొరికినవాళ్లు మీకు ఎంతమంది తెలుసు? మీ నాన్నగారికి గుండె మందులు వాడుతున్నారని మీరే రాశారు. ఆయన్ని హడావుడిగా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆరోగ్య పాలసీ డబ్బు తర్వాత వచ్చినా, ఆ రాత్రి కౌంటర్ దగ్గర కట్టాల్సింది మీ జేబులోంచే కదా. అప్పుడు మళ్లీ ఇంకో పర్సనల్ లోన్. రెండు ఈఎంఐల పాఠకులు నాలుగు ఈఎంఐల పాఠకులుగా మారేది ఎక్కువగా ఈ దారిలోనే.

వడ్డీ కూడా కూడి చూడండి. ఏడేళ్లలో కార్ లోన్ మీద 404, ఐదేళ్లలో పర్సనల్ లోన్ మీద 108. రెండూ కలిపితే మీ ఐదు నెలల జీతం వడ్డీకే పోతుంది.

ఇక మీకు బాగా నచ్చిన స్క్రీన్ దగ్గరికి వద్దాం. డబ్బు లెక్క చూసేవాణ్ని కాబట్టి నాకు అందులో కనిపించేది ఒకటే: కారులో అన్నిటికంటే త్వరగా పాతబడే భాగాన్ని చూసి మీరు అన్నిటికంటే పొడవైన అప్పు చేస్తున్నారు. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. స్క్రీన్, దాని వెనక ఉండే కంప్యూటర్ సాధారణంగా మామూలు వారంటీ కిందికి వస్తాయి. అది చాలాసార్లు మూడు నాలుగేళ్లే. మీ లోన్ ఏడేళ్లు. ఆఖరి మూడేళ్లలో స్క్రీన్ పోతే ఆ ఖర్చు మీదే, ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. టెస్లా 2021లో అమెరికాలో దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. స్క్రీన్ నడిపే కంప్యూటర్‌లోని మెమరీ చిప్‌లో పదే పదే రాస్తూ పోవడం వల్ల అది ఐదారేళ్లకి అరిగిపోతోందని అక్కడి రహదారి భద్రతా సంస్థ తేల్చింది. చిప్ పోతే వెనక కెమెరా కనిపించదు, అద్దం మీది పొగమంచు తుడిచే సెట్టింగులూ పనిచేయవు. ఆ కార్లు సాఫ్ట్‌వేర్‌లో అందరికంటే ముందున్న కంపెనీవి అన్న సంగతి మరిచిపోకండి.

కొత్త కంపెనీ అంటే ఇంకో చిక్కు. కారు సగం కంపెనీ సర్వర్ల మీద బతుకుతుంది కాబట్టి, కంపెనీ పోతే మీకు మిగిలేది బండి ఒక్కటే. అమెరికాలో ఫిస్కర్ అనే కొత్త ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి వేలమంది దాని ఓషన్ కారు కొని ఉన్నారు. వాళ్ల యాప్, అప్‌డేట్లు, విడిభాగాలు అన్నీ ఒక్కసారిగా ప్రశ్నార్థకమయ్యాయి. ఓనర్లే ఒక సంఘం పెట్టుకుని కార్లను నడిపించుకోవాల్సి వచ్చింది. కార్ల కంపెనీ మునిగిందని బ్యాంకు ఈఎంఐ మాఫీ చేయదు.

పాత కంపెనీ అయితే నిశ్చింత అనీ అనను. ఫోక్స్‌వాగన్ 2020లో ఐడీ.3ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ పూర్తికాలేదు. మొదట కొన్నవాళ్లు కొన్ని సదుపాయాలు లేకుండానే తీసుకెళ్లారు. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ కోసం సొంత విభాగం (2021లో దానికి కారియాడ్ అని పేరు మార్చారు) పెట్టుకున్న ఆ సంస్థ, 2024కి వచ్చేసరికి రివియన్ అనే కొత్త కంపెనీలో 500 కోట్ల డాలర్ల దాకా పెట్టడానికి సిద్ధపడింది, వాళ్ల సాఫ్ట్‌వేర్ కోసం. జనరల్ మోటార్స్ 2023 డిసెంబరులో షెవ్రొలే బ్లేజర్ ఈవీ అమ్మకాలను సాఫ్ట్‌వేర్ లోపాల వల్లే ఆపేసి, మరుసటి మార్చిలో ధర తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. వోల్వో ఈఎక్స్90 కూడా అదే కారణంతో ఆలస్యమైంది. దశాబ్దాలుగా కార్లు చేసిన సంస్థలే తడబడుతుంటే, టెస్ట్ డ్రైవ్‌లో హ్యాంగ్ అయిన స్క్రీన్ చూసి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. అలాంటిది అప్‌డేట్‌తో సర్దుకోవచ్చు కూడా. అలాగని ఆ ధీమాతో కొనమని మాత్రం చెప్పను.

బ్లేజర్ సంగతిలో మీరు గమనించాల్సింది ధర తగ్గడం. టెస్లా కూడా 2023 జనవరిలో అమెరికాలో కొన్ని మోడళ్ల ధరను 20 శాతం దాకా కోసేసింది. కొత్త కారు ధర పడితే, మీరు నిరుడు కొన్న కారు రీసేల్ ధర కూడా అదే రోజు పడుతుంది. మీ లెక్కలో మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా కార్ లోన్ అసలులో 65 శాతం అలాగే ఉంటుంది. పర్సనల్ లోన్ బాకీ కలిపితే కారు ధరలో సగం. ఆ రోజు కారుకి సగం ధర కూడా పలకకపోతే, అమ్మినా అప్పు తీరదు. కారు దొంగల పాలైనా, పూర్తిగా దెబ్బతిన్నా ఇన్సూరెన్స్ ఇచ్చేది ఆనాటి విలువే గానీ మీ బాకీ కాదు. ఈ తేడాకి యాడ్-ఆన్ కవర్ దొరికితే తీసుకోండి. మీకు టర్మ్ పాలసీ (మీకేమన్నా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. ఇంటి లోన్ ఉండి, ఒక్క జీతం మీద ఐదుగురు ఆధారపడిన ఇంట్లో అది లేకపోతే కారు మాట ఎత్తకముందే తీసుకోవాలి.

ఆ టాప్ వేరియంట్ గురించి ఒక్కమాట, కాస్త కటువుగానే. దానంతట అదే లేన్ మారడం ఇప్పుడే ఉంది, 'పూర్తి స్వయంచాలనం త్వరలో అప్‌డేట్‌లో వస్తుంది' అని షోరూంలో చెప్పారన్నారు. అందుకోసమే పర్సనల్ లోన్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. టెస్లా 2016లోనే ఈ వాగ్దానం మీద ముందే డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. 2025 జనవరిలో, ఆ సదుపాయం కొనుక్కున్న పాత కార్లలోని హార్డ్‌వేర్ 3 కంప్యూటర్‌ను మార్చక తప్పదని మస్క్ స్వయంగా ఒప్పుకున్నారు. 2016లో డబ్బు కట్టినవాళ్లు అప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నారన్నమాట. వాళ్లలో సొంత డబ్బు పెట్టినవాళ్లకి పోయింది ఆ డబ్బే. మీరు పెట్టేది 15 శాతం వడ్డీ డబ్బు. ఆ లోన్ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

మరి కారు కొనకూడదా? కొనొచ్చు, ఇప్పుడు కాదు, ఇంత పెద్దది కాదు. ఈఎంఐలకి కడతానన్న 23ని ఏడాదిన్నరపాటు ప్రతి నెలా జీతం పడిన రోజే పక్కకి తీయండి. 414 అవుతుంది. అందులో 147 నిధిలో వేస్తే ఇప్పుడున్న 375తో (75 చొప్పున ఐదు నెలలది) కలిపి 522 అవుతుంది. కారు వచ్చాక మీ నెల ఖర్చు 87 దగ్గర ఉంచుకుంటే అది ఆరు నెలలకి సరిపోతుంది. ఒక్క జీతం ఇంటికి నేను ఒప్పుకునే కనీసం ఆరు నెలలే. మిగిలిన 267 డౌన్‌పేమెంట్. ఈఎంఐ 14 దాటకుండా ఐదేళ్లకి లోన్ తీసుకుంటే 660 దాకా వస్తుంది. రెండూ కలిపితే 925. పాత కారు మారకం ధర పోను, మీకు తగిన కారు మీ తొమ్మిది నెలల జీతం లోపు. మీరు బుక్ చేసింది పదహారు నెలల జీతానిది. మీరు జత చేసిన ధరల పట్టిక చూస్తే ఆ పాత కంపెనీ చిన్న మోడల్ ఈ హద్దులోకి వస్తోంది. అప్పటికి ఆ స్క్రీన్ బాగుపడిందో లేదో కూడా తెలిసిపోతుంది. ఈ ఏడాదిన్నరలో 23 తీయడం ఏ రెండు మూడు నెలలు కుదరకపోయినా, ఆ ఈఎంఐ మీరు కట్టలేరని అప్పు చేయకముందే తేలినట్టు.

లీజు గురించి అడిగారు. మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన జరిమానా చూశాక ఆలోచించండి. వాడిన ఎలక్ట్రిక్ కారు అయితే బ్యాటరీ ఆరోగ్యం చూపే రిపోర్టు, మొదటి ఓనర్ కొన్న సాఫ్ట్‌వేర్ సదుపాయాలు మీ పేరు మీదికి మారతాయన్న రాతపూర్వక హామీ లేకుండా తీసుకోకండి. అలా పేరు మార్చని కంపెనీలున్నాయి.

ఏ కారైనా సరే, కొనే రోజు షోరూంలో స్క్రీన్ ఎంత పెద్దదని అడక్కండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, స్క్రీన్ కంప్యూటర్‌కి వారంటీ ఎన్నేళ్లో, ఉచిత ఇంటర్నెట్ ఎప్పటివరకో, ఆ తర్వాత చందా ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. స్క్రీన్ ఆరిపోయినా, ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా తలుపు తెరుచుకుని బండి కదులుతుందో లేదో అక్కడే చేసి చూపించమనండి. వాయిదా కాలం చివరి నెల దాకా అప్‌డేట్లు వస్తాయని రాసివ్వలేకపోతే, లోన్ కాలాన్ని వాళ్లు రాసిచ్చిన ఏళ్లకే తగ్గించుకోండి. ఈఎంఐ పెరుగుతుంది కదా అంటారేమో. పెరిగిన ఈఎంఐ మోయలేకపోతే ఆ కారు మీ స్థాయికి మించినదే.

బుకింగ్ సొమ్ము సంగతి చెప్పాలి. రద్దు గడువు ఎప్పటిదాకా ఉందో రసీదు వెనక ఉంటుంది, ఇవాళే తీసి చూడండి. గడువు దాటిపోయి కొంత కోసుకున్నా సరే, రద్దు చేసుకోండి. పోయేది మీ నెల జీతంలో ఒక చిన్న ముక్క. వెనక్కి వచ్చినది వచ్చినట్టు నిధి ఖాతాలో వేసి, ఆ ఖాతా డెబిట్ కార్డు మీ ఇంటావిడ చేతికివ్వండి.