జార్జియాను క్రైస్తవ రాజ్యంగా మార్చింది నిజంగా ఒక స్త్రీయేనా?

నాలుగో శతాబ్దంలోనే జార్జియా క్రైస్తవ రాజ్యం కావడానికి సెయింట్ నినో అనే స్త్రీ కారణమన్నది చరిత్రా, కట్టుకథా అని మీరు అడిగారు. ఆ స్త్రీ చరిత్రకు చెందినదేనని, ఆమె వంశవృత్తాంతం మాత్రం తరువాత వచ్చి చేరిందని నా అభిప్రాయం.

ఐదో శతాబ్దం ఆరంభంలో రుఫినస్ అనే లాటిన్ రచయిత, రోమన్ సైన్యంలో పనిచేసిన బకూరియస్ అనే జార్జియా రాజవంశీకుడు చెప్పగా విని ఈ వృత్తాంతాన్ని రాశాడు. అందులో ఆమెకు పేరే లేదు. బందీగా వచ్చిన స్త్రీ అని మాత్రమే ఉంది. జబ్బుచేసిన బిడ్డను ఎత్తుకుని ఇంటింటికీ తిరుగుతూ మందు అడిగిన తల్లికి ఆమె ఆసరా కావడం, బిడ్డకు నయమైందన్న మాట రాణి చెవిన పడడం, రాణి రోగం కూడా కుదరడం, వేటలో పట్టపగలే చీకటి కమ్మి దిక్కుతోచని రాజు ఆమె కొలిచే దేవుణ్ణి తలచుకోవడం అప్పటికే ఆ కథలో ఉన్నాయి. ఆమె కప్పదోకియా (నేటి టర్కీలోని ఒక ప్రాంతం) నుంచి వచ్చిందని, సెయింట్ జార్జికి బంధువని చెప్పేవి తరువాతి జార్జియన్ కథనాలు. గొప్ప కోసం కల్పించేవారు ఏ రాజకుమారినో ఎంచుకుంటారు గాని, ఊరూ పేరూ లేని బందీని ఎందుకు ఎంచుకుంటారు?

అయితే ఆ కథలోని రాజు, అంటే మిరియన్, కేవలం భక్తితోనే మతం మారాడనుకోలేము. రోమ్, పర్షియాల మధ్య 298లో కుదిరిన నిసిబిస్ సంధితో ఆ రాజ్యం రోమ్ ప్రాబల్యం కిందికి వచ్చింది. మరో పక్క పర్షియా ఉండనే ఉంది. మతగురువులను పంపమని ఆయన కాన్‌స్టాంటిన్ చక్రవర్తికి కబురు పెట్టడంలో రాజనీతి లేదనడం అమాయకత్వమే. ఇది 326లో జరిగిందని కొందరు, 337 ప్రాంతంలోనని మరికొందరు అంటారు.

జార్జియా రాజధాని తిబిలిసిలో వైద్యవిద్య చదివే రోజుల్లో, మనవాళ్లు చాలామందిలాగే నేనూ సెలవు దొరికితే పక్కనే ఉన్న పాత రాజధాని మ్త్స్‌ఖేతాకు వెళ్లేవాణ్ణి. కొండమీద జ్వారీ మఠం లోపల, సరిగ్గా నడిమధ్యన, ఎనిమిది పలకల రాతి పీఠం మీద పెద్ద కొయ్య శిలువ నిలబడి ఉంటుంది. నినో కాలంలో శిలువ నాటిన చోటే ఆరో శతాబ్దం చివర ఆ మఠం కట్టడం మొదలైందని అక్కడివారి నమ్మకం. ద్రాక్షతీగను తన జుట్టుతో కట్టి నినో చేసిందని చెప్పే మరో శిలువకు చేతులు కిందికి వాలి ఉంటాయి, ఆ ఆకారం జార్జియాలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మిరియన్, రాణి నానాల సమాధులు మ్త్స్‌ఖేతాలోని సంతావ్రో చర్చిలో ఉన్నాయి. నినో సమాధి మాత్రం ఆ పాత రాజధానికి దూరంగా, కాఖేతీ ప్రాంతంలోని బోద్బే మఠంలో ఉంది. తిబిలిసి నుంచి వెళ్లదలచుకుంటే సిగ్నాగి ఊరి దారి పట్టాలి.