చీము పట్టిన పంటికి మత్తు ఇంజెక్షన్ ఎందుకు సరిగా పనిచేయదు?

అమలాపురంలో మా అత్తయ్యకి దవడ పన్ను తీయించినప్పుడు నాకూ ఇదే డౌటొచ్చింది. రెండు ఇంజెక్షన్లు చేసినా "అమ్మో" అంటూనే ఉంది.

పంటికి ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. ఇది నరంలోకి దూరి సోడియం వెళ్లే దారులు మూసేస్తుంది, దాంతో నొప్పి కబురు మెదడుకి చేరదు. చీమున్న చోట ఆమ్లం ఎక్కువ. అక్కడ మందులో చాలా భాగం విద్యుదావేశంతో ఉండిపోయి నరం పొర దాటలేదు. అందుకే వీలైతే చీముకి దూరంగా, నరం మెదడు వైపు వెళ్లే దారిలో ఇస్తారు.

మందులో అడ్రినలిన్ కలిపితే రక్తనాళాలు బిగుసుకుని మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక్కోసారి గుండె దడ వచ్చేదీ దానివల్లే. బీపీ, గుండెజబ్బు ఉంటే ముందే చెప్పండి.

మత్తు దిగేదాకా ఏమీ నమలొద్దు. పులస పులుసు చూసి ఆగలేక మా అత్తయ్య బుగ్గ కొరుక్కుంది.