నల్లకోటు నుంచి విదేశాంగ శాఖకు

ప్రశ్న: విశాఖ జిల్లా కోర్టులో మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. వయసు 27. ఐఎఫ్ఎస్‌కు (భారత విదేశాంగ సర్వీసుకు) వెళ్లాలని ఉంది. మెయిన్స్‌లో లా ఆప్షనల్ (ఐచ్ఛిక సబ్జెక్టు)గా తీసుకోవచ్చా? సనదు (న్యాయవాద అనుమతి పత్రం) వదులుకోవాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: సివిల్స్ పరీక్ష రాయడానికి సనదు అడ్డు కాదండీ. ఉద్యోగంలో చేరేటప్పుడు మాత్రం బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు నిలిపివేయించుకోవాలి. పూర్తికాలం జీతం తీసుకునేవారు వకాల్తా పుచ్చుకోకూడదు. జనరల్ కేటగిరీ అయితే 32 ఏళ్లలోపు ఆరుసార్లు రాయొచ్చు. ప్రిలిమ్స్ కేంద్రం విశాఖలోనే ఉంది, మెయిన్స్‌కు విజయవాడ వెళ్లాలి.

లా తీసుకోండి, 500 మార్కులు. కానీ వకీళ్లు దెబ్బతినేది ఇక్కడే. రెండో పేపర్లోని నేరాలు, టార్టులు (నష్టపరిహారం కోరదగ్గ సివిల్ తప్పులు), కాంట్రాక్టులు రోజూ చేతిలో ఆడేవే. మొదటి పేపర్లో రాజ్యాంగంతో పాటు అంతర్జాతీయ న్యాయం ఉంటుంది. బెయిలు పిటిషన్లు వేసుకునేవారికి దానితో పని పడదు, అందుకే చివరికి నెట్టేస్తారు. మీరు దానితోనే మొదలుపెట్టండి, రేపటి ఉద్యోగానికీ అదే పునాది.

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలో 36వ అధికరణం చూడండి. పరాయి దేశంలో అరెస్టయిన మనిషికి తన దేశ కాన్సులేట్‌కు (అక్కడున్న తన దేశ ప్రతినిధి కార్యాలయానికి) కబురు పంపించుకునే హక్కుందని పోలీసులే ఆలస్యం లేకుండా చెప్పాలి. కాన్సులర్ అధికారి జైలుకు వెళ్లి కలవొచ్చు, లాయరును ఏర్పాటు చేయొచ్చు. అక్కడి కోర్టులో తానే వాదించడం మాత్రం అధికారి పని కాదు. 2018లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఇలాంటి ఖైదీల జాబితాలను 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. పేరు జాబితాకెక్కితేనే ఆ మనిషి ఊరూ పేరూ సరిచూసే పని ముందుకు సాగుతుంది.

జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో 3 గంటలకు 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 9 నిమిషాలు. ప్లెయింటులా (దావా పత్రంలా) పూర్వాపరాలతో మొదలెడితే సమయం చాలదు. జవాబు మొదటి వాక్యంలోనే రావాలి. సర్వీసుల ఎంపికలో ఐఎఫ్ఎస్‌ను మొదట పెట్టడం మరవకండి. ఎంపికయ్యాక ముస్సోరీ, ఆపైన ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ సంస్థలో శిక్షణ, ఒక విదేశీ భాష తప్పనిసరి.

ఇంకో దారీ ఉంది. విదేశాంగ శాఖలోని న్యాయ, ఒప్పందాల విభాగానికి లీగల్ ఆఫీసర్లను యూపీఎస్సీ విడిగా తీసుకుంటుంది. తెలుగువారు పెమ్మరాజు శ్రీనివాసరావు ఆ శాఖ న్యాయ సలహాదారుగా చేశారు, 1987 నుంచి 2006 దాకా ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో సభ్యులు. ఈ దారి మీద మనసుంటే ఎల్ఎల్ఎంలో అంతర్జాతీయ న్యాయాన్నే ఎంచుకోండి.