మేడ మీద వైఫై అందడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది డాబా ఇల్లు, పైన ఇంకో అంతస్తు ఉంది. నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్. ఫైబర్ డబ్బా కింద హాల్లో టీవీ వెనక ఉంది. మా అబ్బాయి మేడ మీద వెనక గదిలో ఆఫీసు పని చేసుకుంటాడు. అక్కడ సిగ్నల్ అందడం లేదని ఆ గదిలోనే రిపీటర్ పెట్టాం. ఇప్పుడు ఫోన్లో గీతలన్నీ నిండుగానే ఉన్నాయి కానీ వీడియో కాల్ ఆగి ఆగి వస్తోంది. ఇంకా పవర్‌ఫుల్ రూటర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వద్దండి. రూటర్ ఎంత గట్టిదైనా, ఫోన్ పంపే సిగ్నల్ కూడా తిరిగి దాన్ని చేరాలి కదా. ఫోన్ బలం పెరగదు. మీకు కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సిగ్నల్‌వి. రిపీటర్‌కి కింద నుంచి అందేదే అంతంతమాత్రం. పైగా మామూలు రిపీటర్ ఒకే బ్యాండ్ (రేడియో తరంగాల పట్టీ) మీద తీసుకోవడం, ఇవ్వడం రెండూ చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

ముందు ఖర్చు లేని పని చూడండి. డబ్బాని టీవీ వెనక నుంచి తీసి, ఐదారు అడుగుల ఎత్తులో బయటికి కనిపించేలా పెట్టించండి. ఫ్రిజ్, ఇనప బీరువా పక్కన వద్దు. ఫైబర్ తీగని మడత పెట్టకండి, లోపల గాజు పోగు విరుగుతుంది. పొడవు చాలకపోతే ఆపరేటర్‌నే మార్చమనండి.

అయితే ఇనప చువ్వల స్లాబు దాటి వెనక గది దాకా నమ్మకంగా వెళ్లేది వైరే. క్యాట్ 6 కేబుల్ తీసుకోండి. పూర్తి రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసింది (సీసీఏ అంటారు) చవకే కానీ తొందరగా తెగుతుంది. పూర్తి రాగి కేబుల్ అయితే 100 మీటర్ల పొడవు వరకు ఇబ్బంది లేదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం లాగించకండి. పాత కేబుల్ టీవీ పైపు ఉంటే అందులోంచి, లేదంటే గోడ బయట పీవీసీ పైపులోంచి తేవచ్చు. రెండు కొసల్లోనూ ఎనిమిది తీగలూ ఒకే వరసలో రావాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నాలుగే కలిపినా నెట్ వస్తుంది, కానీ వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. రేపు ప్లాన్ పెంచుకున్నప్పుడు తెలుస్తుంది.

పైన డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) రూటర్ పెట్టి ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడమే చేసేలా మార్చండి. ఆ మోడ్ లేకపోతే, కింది డబ్బాకి కలపకముందే పై రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. కింది డబ్బా అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ (WAN, బయటి నెట్ కోసం) పోర్టులో కాకుండా ల్యాన్ (LAN, ఇంట్లో పరికరాల కోసం) పోర్టులో పెట్టండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డీహెచ్‌సీపీ ఆపకపోతే కొన్ని ఫోన్లు పై రూటర్‌నే దారి అనుకుంటాయి. వైఫై కలిసినట్టే ఉంటుంది, నెట్ రాదు.

రెండింటికీ పేరు, పాస్‌వర్డ్ ఒకటే ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద 1వ ఛానల్, పైన 6 గానీ 11 గానీ, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. పాత రిపీటర్ తీసేయండి. తర్వాత వైఫై అనలైజర్ యాప్‌తో బల్ల దగ్గర చూడండి: సిగ్నల్ బలం మైనస్ 65 డీబీఎం (బలాన్ని కొలిచే లెక్క) చుట్టుపక్కల ఉంటే కాల్ సాఫీగా సాగుతుంది, మైనస్ 75 దాటి దిగితే తెగుతుంది. కరెంటు పోయినా పని ఆగకూడదంటే డబ్బా, రూటర్ రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు, గోడకి బెజ్జం కొట్టనివ్వరు. మెష్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తీసుకోవచ్చు. మెష్ అంటే రెండు మూడు యూనిట్లు కలిసి ఇల్లంతా ఒకే వైఫైగా పంచే సెట్టు. ట్రై-బ్యాండ్ (మూడు బ్యాండ్లున్నది) అయితే మేలు. రెండో యూనిట్‌ని సిగ్నల్ రాని గదిలో పెట్టకండి. అక్కడ దానికే ఏమీ అందదు. మొదటిదానికీ ఆ గదికీ సగం దూరంలో, వీలైతే తెరిచి ఉండే తలుపుకి ఎదురుగా పెట్టండి. ఆపరేటర్ డబ్బాలో వైఫై ఆపేయండి. లేకపోతే ఫోన్ పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది.